అద్దె లేని ఇల్లు

రువి, మస్కట్
2 మే 1997

వదినగారికి,

దుర్గ నమస్కరించి రాస్తున్నది. చెడ్డకబురు ముందే చెప్పేస్తాను. మాకు సెలవు దొరకలేదు. మీ తమ్ముడు ఆఫీసులో బతిమాలారు, తర్వాత పోట్లాడారు, చివరికి పాస్‌పోర్టులు వాళ్ళ బీరువాలోనే ఉండిపోయాయి. ముహూర్తం మారుద్దామంటే ఇది దాటితే మళ్ళీ శ్రావణం దాకా లేదని సిద్ధాంతిగారు అన్నారట. అందుకని ధవళేశ్వరంలో మన కొత్తింటి గృహప్రవేశానికి మా బదులు మీరూ, బుల్లబ్బాయి అన్నయ్యగారూ పీటల మీద కూర్చోవాలి. ఇంటి ఆడపడుచు మీరు. మీకు లేని హక్కు ఇంకెవరికుంది చెప్పండి?

ఇంకో మాట. కొత్తిల్లు చీకట్లో ఉండకూడదంటారు. కడియంలో మీ ఇంటివాళ్ళు ఎలాగూ ఖాళీ చెయ్యమంటున్నారు గదా, ఆ సామానేదో మన ఇంట్లోకి తెచ్చేసుకోండి. అద్దె మాట ఎత్తితే నా మీద ఒట్టే. అయినవాళ్ళ దగ్గర అద్దె పుచ్చుకునే గతి మాకింకా పట్టలేదు. సాయంత్రం ఇంత దీపం పెట్టండి, అదే పదివేలు.

మా ఇల్లు ఎలా ఉందని అడిగారు. ఇల్లు కాదు వదినగారూ, గది. రెండు గదుల ఫ్లాటులో ఒకటి మాది, ఒకటి మేరియమ్మ వాళ్ళది. వాళ్ళు కేరళ వాళ్ళు. ఓనరుతో రాసుకున్న కాగితంలో వాళ్ళాయన పేరే ఉంది. మాకు గది ఇచ్చినట్టు ఓనరుకి తెలీదు. ఆయన మనిషి ఎప్పుడైనా వస్తే నేను మేరియమ్మ చెల్లెల్ని అయిపోవాలి. వంటింట్లో ఆవిడ పని అయ్యాకే నా వంతు. నీళ్ళ ట్యాంకు మేడమీద ఎండలో ఉంటుంది, కుళాయి తిప్పితే సలసల కాగిన నీళ్ళు వస్తాయి. రాత్రే బకెట్లో పట్టి చల్లార్చుకుని పొద్దున్న పోసుకుంటాం. బాల్కనీలో బట్టలు ఆరేస్తే మున్సిపాలిటీ వాళ్ళు ఊరుకోరట. గోడకి మేకు కొట్టకూడదు కాబట్టి వెంకటేశ్వరస్వామి మా బీరువాలో చీరల మధ్య నిలబడి ఉన్నాడు.

అందుకే ఆ ధవళేశ్వరం వంటింటి గట్టు నా నడుము ఎత్తుకి కొలిచి మరీ కట్టించుకున్నాను. మొదటిసారి పాలు పొంగించేది నేనే అనుకున్నాను. నా ప్రాప్తం ఇంతే. ఎటువైపు పొంగాయో మర్చిపోకుండా రాయండి.

మీ మరదలు,
దుర్గాశ్రీ

*

ధవళేశ్వరం
20 మే 1997

చిరంజీవి దుర్గకి,

పాలు తూర్పుకే పొంగాయి. ఈ ముక్క ముందు రాయకపోతే మిగతా ఉత్తరం చదవవని నాకు తెలుసు.

అంతా బాగా జరిగిందమ్మా. సంకల్పం మీ ఇద్దరి పేర్లతోనే చెప్పించాను. ఆవుని లోపలికి తోలుకొస్తే అది మర్యాదగా నడిచినట్టే నడిచి గుమ్మానికి కట్టిన మామిడాకులు సగం నమిలేసింది. భోజనాల్లో పనసపొట్టు కూర అందరూ మారు అడిగారు. వచ్చినవాళ్ళంతా "పాపాయీ, నీ ఇల్లు బాగుందే!" అనడమే. నాది కాదండీ, మా మరదలిదండీ అని చెప్పీ చెప్పీ గొంతు పోయింది. ఆఖర్న చెప్పడం మానేశాను.

కడియం ఇల్లు ఖాళీ చేసేశాం. వచ్చేటప్పుడు ఆ ఇంటావిడ గోడల్లో మేకుల బొక్కలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకుంది. పెళ్ళయిన కాడినుంచీ అద్దె కొంపలే గదా, నాకు అలవాటే. కానీ దుర్గా, ఈ ఇంట్లో పొద్దున్నే లేచి తలుపు తీస్తే ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఆ సుఖం ఏంటో ఈ వయసులో తెలిసింది. వంటింట్లో నిలబడి వండుతుంటే మహారాణిలా ఉంది. నీ గట్టు నాకు కొంచెం ఎత్తయింది, కింద చెక్కపీట వేసుకున్నాను.

మీ అన్నయ్య రోజూ నర్సరీ నుంచి వస్తూ ఏదో ఒక మొక్క సైకిల్ మీద పెట్టుకొస్తున్నారు. కనకాంబరాలూ సన్నజాజీ వేశారు. ఈ గోడలు కట్టినన్నాళ్ళూ నీళ్ళు పెట్టింది ఆయనే కదా, ఇప్పుడు మొక్కలకి పెడుతున్నారు.

తమ్ముణ్ణి వేళకి తినమను. నువ్వూ తిను.

మీ వదిన,
పాపాయి

*

రువి, మస్కట్
11 జూన్ 1997

వదినగారికి,

ఉత్తరం చేరింది. చాలా సంతోషం.

చెప్పడం ఎందుకు మానేశారండి? గొంతు పోతే మిరియాల కషాయం తాగి చెప్పాలి గానీ, మానేస్తే ఎలా? పేరు ఒకసారి పడిందంటే పోదు.

మీరేమీ అనుకోకపోతే కొన్ని మాటలు. ఆ చెక్కపీట కింద గోనెగుడ్డ వేసుకోండి, మొజాయిక్ మీద గీతలు పడతాయి. గట్టు మీద చింతపండు గిన్నె పెట్టకండి, మరక పోదు. చేపలు వండుకుంటే పెరట్లో వండుకోండి. పడమటి గది తాళం తియ్యకండి, అది మా పడగ్గది. గోడలకి మేకులు అసలే వద్దు. సన్నజాజి బాగానే ఉంటుంది గానీ, నాకు ఆ మూల మందారం వేయించాలని ఉండేది. ఇప్పుడేం చేస్తాం, వేసేశారుగా.

ఇంత రాశాక చదువుకుంటే ఎక్కడో విన్నట్టుంది. మేరియమ్మ రోజూ నాకు చెప్పే మాటలే. ఆవిడ ఎందుకు అలా చెప్తుందా అని ఇన్నాళ్ళూ ఏడ్చాను. చెప్పేవాళ్ళకి హాయిగానే ఉంటుందని ఇవాళ తెలిసింది.

నిన్న ఓనరు మనిషి వచ్చాడు. నేను వంటింట్లో నా వంతుకి అన్నం పొయ్యి మీద పెట్టి ఉన్నాను. మేరియమ్మ గబగబా వచ్చి నా స్టవ్వు ఆర్పేసి, ఎన్నిసార్లని చెల్లెలంటానని మా గదిలో గొళ్ళెం పెట్టుకోమంది. వాడు వెళ్ళేదాకా మంచం మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. సగం ఉడికిన అన్నం మళ్ళీ పొయ్యెక్కిస్తే సుద్దయిపోయింది. మీ తమ్ముడు అదే తిన్నారు. ఆ వేళకి మీరు నా వంటింట్లో తీరుబడిగా నిలబడి వండుకుంటూ ఉంటారు గదా అనుకున్నాను. మహారాణిలా.

దుర్గాశ్రీ

*

ధవళేశ్వరం
2 జూలై 1997

చిరంజీవి దుర్గకి,

గోనెగుడ్డ వేశాను. చింతపండు కిందకి దించాను. చేపల కూర పెరట్లోకి వెళ్ళిపోయింది. మేకు మాత్రం ఒకటి ఇదివరకే కొట్టేశాను తల్లీ, క్యాలెండర్ కోసం. పీకితే బొక్క కనబడుతుంది, ఉంచితే మేకు కనబడుతుంది. ఏది కనబడాలో నువ్వే చెప్పు.

కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం బొద్దుగా ఉండాలి అన్నట్టుంది నీ వరస. ఇంట్లో మనిషి ఉండాలి, ఉన్నట్టు కనబడకూడదు! మనుషులం కదమ్మా, వండుకుంటే పొగ వస్తుంది, నడిస్తే అడుగు పడుతుంది. మీ అన్నయ్యతో అంటే, "దాని బాధ దానిది, ఊరుకో" అన్నారు. సరే, ఊరుకున్నాను.

మధ్యాహ్నం పూట ఈ వీధి ఆడాళ్ళంతా మన వరండాలో చేరుతున్నారు. గోదారి గాలి నేరుగా వస్తుంది ఇక్కడికి. చీరలకి ఫాల్స్ కుట్టుకుంటూ ఊరి కబుర్లన్నీ చెప్పుకుంటాం. నువ్వుంటే బాగుండునని రోజూ అనుకుంటాను. అలాగని నీ మీద జాలి పడిపోతున్నానని అనుకోకు. ఏసీ గదిలో నీ మొగుడూ నువ్వూ, అడిగేవాడు లేడు. మా అత్తగారి మంచం పక్కన చాప వేసుకుని పదేళ్ళు పడుకున్నదాన్ని, నాకు నీ గది చిన్నదిగా అనిపించదు.

రాజమండ్రి వెంకటరాజు గారు సెలవుకి వచ్చారు, మీ మస్కట్లోనే పని అట. తిరిగి వస్తున్నారు. ఆయన చేత ఆవకాయ పంపుతున్నాను.

మీ వదిన,
పాపాయి

*

రువి, మస్కట్
9 ఆగస్టు 1997

వదినగారికి,

వెంకటరాజుగారు వచ్చారు. ఆవకాయ ఇచ్చారు. కుర్చీ లేదు కాబట్టి మంచం మీదే కూర్చోబెట్టాను, టీ ఇచ్చాను. ఆయనేమన్నారో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఆయ్, పాపాయిగారిల్లు ఎంత బాగుందండీ! వీధరుగు మీద కూర్చుంటే లేవబుద్ధెయ్యలేదండి. మా ఆవిడ అయితే అలాంటి ఇల్లే కట్టించమని ఒకటే గొడవండి."

అది మా ఇల్లండీ అన్నాను. ఆయన మా గది నాలుగువైపులా చూశారు. సూట్‌కేసుల మీద సూట్‌కేసులు, వాటి మీద పరుపు, బీరువా తలుపు తెరిస్తే మంచానికి తగిలి ఆగిపోవడం, అన్నీ చూశారు. చూసి, "అలాగాండీ? మీకూ అక్కడ ఇల్లుందాండీ?" అన్నారు.

మీకూ! ఆ 'మీకూ' అన్న మాటకి నా తల కొట్టేసినట్టయింది. ఆయన వెళ్ళాక మేరియమ్మ తలుపు దగ్గరకొచ్చి, చుట్టాలొస్తే ముందు తనకి చెప్పాలనీ, చెప్పుల జత ఎక్కువ కనబడితే వాచ్‌మన్‌కి అనుమానం వస్తుందనీ అంది. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుంది నా బతుకు.

దాచుకుని దాచుకుని చచ్చిపోతున్నాను, ఇవాళ చెప్పేస్తాను. నాకు మిమ్మల్ని చూస్తే కుళ్ళుగా ఉంది. మీరు నా ఇంట్లో పాలు పొంగించారు. నా గడపకి పసుపు రాస్తున్నారు. నా వరండాలో నా గాలి పీల్చుకుంటున్నారు. నా వీధి ఆడాళ్ళు మీ స్నేహితులు. నేను తిరిగొచ్చేసరికి ఆ ఇంట్లో నాకంటూ కొత్తగా చెయ్యడానికి ఏం మిగులుతుంది? ఆ ఇంటికోసమే మేం ఈ గదిలో పడి ఉన్నాం. దాని సుఖం మాత్రం మీకు ఊరికే వచ్చింది.

దసరాకి ముందే ఇల్లు ఖాళీ చెయ్యండి. పై వాళ్ళకి అద్దెకిస్తాం, లేదా తాళమేస్తాం. మీ తమ్ముడికి ఈ ఉత్తరం సంగతి తెలియదు. చెప్పుకుంటే చెప్పుకోండి.

దుర్గాశ్రీ

*

ధవళేశ్వరం
4 సెప్టెంబరు 1997

దుర్గకి,

ఖాళీ చేసేశాం. తాళంచెవులు ఎదురింటి చిట్టియ్యగారి దగ్గర ఉన్నాయి. లాకుల దగ్గర సంపూర్ణమ్మగారని ఒకావిడ ఉంది, వాళ్ళింట్లో వెనక వాటా రెండు గదులు తీసుకున్నాం. నీ ఇల్లు కడిగి, గోనెగుడ్డ ఉతికి ఆరేసి మరీ వచ్చాను. మేకు పీకించి, సున్నం పెట్టించారు మీ అన్నయ్య.

తమ్ముడికి నేనేమీ చెప్పలేదు. చెప్పను కూడా.

నువ్వు కుళ్ళని రాశావు కాబట్టి నేనూ రాస్తున్నాను. నాకు మాత్రం లేదనుకున్నావా? గృహప్రవేశం నాడు పీటల మీద నేను కూర్చుంటే, పంతులుగారు నీ పేరు చదివారు. ఆ ఇంటికి ఇటుక దించేటప్పుడు ఎండలో నిలబడింది నేను. నాకంటూ ఒక్క గుమ్మం లేకుండానే జుట్టు నెరిసిపోతోందే అని ఏడుపొచ్చింది. హోమం పొగకి అనుకున్నారు అందరూ. అయినా నోరెత్తలేదు. ఎత్తితే నీ ఇంటికి దిష్టి తగులుతుందని భయపడ్డాను.

నువ్వు రమ్మంటే వచ్చాను, పొమ్మంటే పోయాను. మధ్యలో నేను ఊరికే తిన్నదేంటో నాకు తెలియలేదు. అద్దె వద్దన్నది నువ్వు. వద్దన్నావు కాబట్టే, కట్టిపడేసిన కోడిలా నువ్వు ఎంత తాడు వదిలితే అంత దూరం తిరగాల్సొచ్చింది.

ఆరోగ్యం జాగ్రత్త.

పాపాయి

*

వాదీ కబీర్, మస్కట్
28 నవంబరు 1997

వదినగారికి,

పైన చిరునామా మారింది, చూశారా. మేరియమ్మ తమ్ముడు పెళ్ళి చేసుకుని పెళ్ళాంతో దిగుతున్నాడట. గది కావాలంది. మేం ఎప్పుడూ అద్దె ఆలస్యం చెయ్యలేదని మీ తమ్ముడు అన్నారు. "కాగితంలో మీ పేరుందా సార్?" అంది. నిజమే, ఎక్కడా లేదు. రెండేళ్ళు ఆ గదిలో కాపురం చేసి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళలా సూట్‌కేసులు దించుకున్నాం.

ఇక్కడ పాత భవనంలో ఒక గదీ వంటిల్లూ దొరికాయి. మెట్లు ఇరుకు, నీళ్ళు ట్యాంకరు వచ్చిన రోజే. కిటికీ తీస్తే పక్కింటి గోడ. కానీ ఈసారి కాగితం మీద గణేష్‌బాబు అని మీ తమ్ముడి పేరు అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. మొదటిరోజు వచ్చిన ఓనరు మనిషి నన్ను "మేడమ్, లోపలికి రావచ్చా?" అని అడిగాడు. నా గుమ్మంలో నన్ను అడిగాడు వదినగారూ! వాడు వెళ్ళాక కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. మీకు ఏ పేరూ పెట్టకుండా, ఏ హక్కూ ఇవ్వకుండా నా ఇంట్లో కూర్చోబెట్టాను. ఆ మేరియమ్మైనా అయినవాళ్ళమని చెప్పి నన్ను పిలవలేదు, నేను మిమ్మల్ని అలా పిలిచి మరీ ఈ పని చేశాను.

చిట్టియ్యగారు మీ తమ్ముడికి ఉత్తరం రాశారు. ఇల్లు చీకటిగా ఉందనీ, మొక్కలు వడిలిపోయాయనీ, పాపాయమ్మగారు ఎందుకు వెళ్ళిపోయారనీ అడిగారు. ఆయన నన్ను అడిగితే చెప్పేశాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వారం రోజులు అన్నం పెట్టు, నీళ్ళివ్వు అని తప్ప వేరే మాట లేదు.

వచ్చేయండి. తాళంచెవులు తీసుకోండి. ఏ గది కావాలంటే ఆ గది తెరవండి. చేపలు హాల్లో వండుకోండి, నేనేమీ అనను.

మీ మరదలు,
దుర్గ

*

ధవళేశ్వరం
20 డిసెంబరు 1997

చిరంజీవి దుర్గకి,

మీ పేరు మీద గుమ్మం దొరికిందని తెలిసి సంతోషించాను. చల్లగా కాపురం చేసుకోండి.

నేను రాను. కోపంతో అనడం లేదు. ఈ సంపూర్ణమ్మగారు మహా గయ్యాళి. నేను తల దువ్వుకుంటే వెంట్రుక తన వాకిట్లోకి ఎగిరిందని తగువు. కానీ నేనూ తగువేసుకుంటున్నాను! "అద్దె ఇస్తున్నామండీ, ఊరికే ఉండట్లేదు" అంటే నోరు మూస్తుంది. నీ ఇంట్లో ఉన్నప్పుడు నువ్వు ఎంత మాటన్నా నాకు ఆ ఒక్క మాట నోట్లో లేదు.

అందుకని ఒకటి చెబుతాను, నీకు నచ్చితే సరే. నన్ను అద్దెకి రమ్మను. ఊళ్ళో పైవాళ్ళకి ఎంతకిస్తావో నాకూ అంతకే. తెల్లకాగితం మీద రాసి పంపు, కింద నువ్వు సంతకం చెయ్యి, నేనూ చేస్తాను. మీ అన్నయ్య ఈ మాట విని, "తోడబుట్టినవాడికి అద్దె కట్టడం ఏంటే, ఊరు నవ్వుతుంది!" అని గంతులేశారు. నవ్వితే నవ్వనీ. ఊరు నవ్వుతుందనే గదా ఇద్దరం ఇంత దూరం తెచ్చుకున్నాం.

నా షరతులు కూడా విను. కావలసిన చోట మేకు కొట్టుకుంటాను. గట్టు కింద పీట ఉంటుంది. పడమటి గది తెరుస్తాను, అందులో గాలి బాగా వస్తుంది. ఎవరైనా పాపాయి ఇల్లు అంటే నేను సర్దను. నెలనెలా అద్దె ఇచ్చేదాన్ని, ఆ మాట నాకు చెల్లుతుంది. నువ్వు సెలవుకి వస్తే కబురు పెట్టి రా. వారం పదిరోజులు చక్కగా వండిపెడతాను. కానీ గరిటె నా చేతిలోనే ఉంటుంది.

ఇది నీకు కష్టమని తెలుసు. ఆలోచించుకుని రాయి. తొందర లేదు.

మీ వదిన,
పాపాయి

*

వాదీ కబీర్, మస్కట్
15 జనవరి 1998

వదినగారికి,

కాగితం దీనితో పెట్టాను. సంతకం చేశాను. మీ తమ్ముడు చేస్తానన్నారు గానీ నేనే చేస్తానన్నాను.

మీ ఉత్తరం మొదటిసారి చదివి బల్ల మీదకి విసిరికొట్టాను. నా ఇంటికి నేను కబురు పెట్టి రావాలా అని అరిచాను. మీ తమ్ముడు భయపడి పక్కగదిలోకి పోదామన్నా, పక్కగది లేదు పాపం. తర్వాత మూడుసార్లు చదివాను. చదివినప్పుడల్లా ఒళ్ళు మండింది గానీ, కొట్టెయ్యడానికి ఒక్క మాట దొరకలేదు.

అద్దె తీసుకుంటాను. షరతులన్నీ ఒప్పుకున్నాను. సెలవుకి వచ్చేముందు కబురు పెడతాను. గేటు బయట నిలబడి, వదినగారూ ఉన్నారా అని పిలుస్తాను. మీరు రమ్మంటేనే లోపలికి వస్తాను. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి పొద్దుటినుంచీ కూర్చున్నాను.

కుళ్ళు పోయిందని మాత్రం రాయను, అబద్ధమవుతుంది. ఈ క్షణాన కూడా మీరు నా గదిలో కిటికీ తెరుస్తారనీ, ఆ గాలి మీ మొహానికి కొడుతుందనీ తలుచుకుంటే కడుపులో మంటగానే ఉంది. ముందుముందు ఉత్తరాల్లో దెప్పుతాను కూడా. నా బుద్ధి నాకు తెలుసు. అప్పుడు మీరు అద్దె ఇస్తున్నామండీ అని రాయండి, నోరు మూసుకుంటాను.

మండితే మండనీండి వదినా. మీరు మాత్రం ఆ ఇంట్లోంచి కదలకండి.

మీ ఇంటి ఓనరు,
దుర్గాశ్రీ